బీడు ఇనుములో మెరిసే మచ్చ

ముప్పై ఏండ్లు ఇనుము కొలిచినాను. కోసింది మాత్రం ఒక్కనాడూ లేదు. ఈ సంగతి ముందే ఒప్పుకుంటా ఉండాను, ఎందుకంటే ఇంక చెప్పబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతాది. ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరిన పిల్లలూ, చేతికి మొదటిసారి మైక్రోమీటరు ఇచ్చినోళ్ళూ, మీకోసమే ఇది. కొంచెం ఓపిగ్గా వినండప్పా.

బెంగుళూరు పక్కన బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీ. నీళ్ళ పంపుల్లోకి పోయే బీడు ముక్కలు అక్కడ తయారయ్యేవి. బీడంటే పోతపోసిన ఇనుము, పాతకాలం దోసె పెనం ఉంటాదే, అదే జాతి. పోతలో వచ్చిన ముక్కను టర్నరు లేత్ మీద తిప్పి, టూలు అనే ఉలి ఆనించి కోసి కొలతకు తెస్తాడు. ఆ ముక్క నా టేబుల్ మీదికి వస్తాది. కొలత సరిపోతే పచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చీటీ. చీటీలో నాలుగు గళ్ళు ఉండేవి: ఏ ముక్క, ఎంత తేడా, కారణం, తేదీ. తేదీ వెయ్యని చీటీ చెల్లదని సెక్షన్లో పట్టుబట్టి రూలు పెట్టించింది నేనే. సూపర్వైజరు మరిచిపోయి తేదీ లేకుండా పంపినా, మొహమాటం లేకుండా తిప్పి పంపేదాన్ని. వెనకాల నాకు "ఎర్ర చీటీ" అనే పేరు ఉండేదని నాకు తెలుసు. నిజం చెప్పాలంటే లోపల్లోపల కొంచెం గర్వంగానే ఉండేది.

ఆ ఫ్యాక్టరీలో ఒక టర్నరు ఉండె. నాకంటే ఏడేండ్లు పెద్ద. మా మాదిరే తరాలుగా బెంగుళూరులో ఉన్న తెలుగోళ్ళు, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. నేను చేరినప్పటి నుంచీ నన్ను "అమ్మణ్ణీ" అని పిలిచేవాడు. చిన్నపిల్లను పిలిచినట్టు ఉండేది, నాకు యాభై దగ్గర పడినా అట్లనే పిలిచినాడు. ఆయప్ప చేతిలో నుంచి వచ్చిన ముక్కకు కొలవకుండానే పచ్చ చుక్క పెట్టొచ్చు. అయినా కొలిచేదాన్ని, అది నా గుణం.

నేను రిటైరు కావడానికి పదేండ్ల ముందు మాట. ఒక పొద్దున ఆయప్ప నుంచి నలభై రింగులు వచ్చినాయి. మొదటిది కొలిస్తే ఒక పక్క లావు, ఇంకొక పక్క సన్నం. రెండోది అంతే. పదోది అంతే. పైన అక్కడక్కడా అద్దం మాదిరి మెరిసే మచ్చలు. నలభైకి నలభై పోయినాయి. కబురు పెడితే ఆయప్ప తన చేతిలో ఒక రింగు పట్టుకొని వచ్చినాడు, నా టేబుల్ మీద వెలుతురుకి వంచి చూపించినాడు.

"అమ్మణ్ణీ, ఈ మెరిసే మచ్చ చూడు. టూలు దీని మీద జారిపోతా ఉండాది. తప్పు ఇనుములోనే ఉండాది."

"నాకు కొలత కావల్ల అన్నా, మెరుపు కాదు" అన్నాను.

అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. పక్కన నలుగురు నిలబడి చూస్తా ఉండారు. ఆ ఊపులో, ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు ఉండాది అని ఒక సామెత కూడా విసిరినాను. నలుగురూ నవ్వినారు. ఆయప్ప నవ్వలేదు. కారణం గడిలో "టర్నరు అజాగ్రత్త" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి పంపేసినాను. ఆ నెలలోనే ఆయప్పను లేత్ మీద నుంచి తీసి ప్యాకింగుకి వేసినారు. రిటైరయ్యేదాకా మూడేండ్లు, ఆ చేతులతో చెక్కపెట్టెలకు మేకులు కొట్టినాడు. ఆ దినం నుంచి నన్ను "మేడమ్" అనే పిలిచినాడు, పిలవక తప్పనప్పుడు.

నాకు బాధగా ఉండేది, కానీ తప్పు చేసినానని ఎప్పుడూ అనిపించలేదు. కొలత తప్పే కదా. ఇప్పుడు కొలవమన్నా ఆ కొలత తప్పే.

ఇంక నా సంగతి. రెండేండ్ల కింద రిటైరైనాను. డ్రాయరు ఖాళీ చేస్తా ఉంటే నా కళ్ళద్దాలు, టిఫిను డబ్బాతో పాటు ఒక ఎర్ర చీటీల పుస్తకం కూడా ఇంటికి వచ్చేసింది. దొంగతనమనుకుంటే అనుకోండి. దాని మీద సరుకుల లిస్టు రాసుకుంటా ఉంటిని. కారణం గడిలో "అయిపోయింది" అని రాసి పెడితే మా ఇంటాయన నవ్వుకుంటా అంగడికి పోయేవాడు.

ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు. మూడు దశాబ్దాలు ఇతరులు కోసింది కొలిచినాను, ఒక్కసారి నా చేతులతో కొయ్యల్ల అని ఒకటే పిచ్చి. నగర్తపేట సందులో ఒక చిన్న వర్క్‌షాపు మూసేస్తా ఉండారని తెలిసి, అక్కడ ఉన్న చిన్న లేత్ కొనుక్కొచ్చినాను. కుట్టుమిషను కంటే కొంచెం పెద్దది, అంతే. కె.ఆర్.పురంలో మా ఇంటి వెనక యుటిలిటీలో, వాషింగ్ మెషిన్ పక్కన స్టాండు వేసి కూర్చోబెట్టినాను. తోటి వాళ్ళంతా రిటైరైతే కాశీకి పోతారు, మా ఇంటిదేమో ఇనుము తెచ్చుకుంది అని మా ఇంటాయన అందరికీ ఫోన్ చేసి చెప్పుకున్నాడు. చెప్పుకోనీలే. మొదటి దినం ఒక అల్యూమినియం కడ్డీని పట్టించి టూలు ఆనిస్తే, మురుకు మాదిరి చుట్టలు చుట్టుకుంటా తెల్లటి తీగ వచ్చింది చూడండీ, అబ్బబ్బా, నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. ఆ తీగను తీసి దేవుడి గూట్లో పెట్టినాను.

అట్ల మూడు నెలలు అల్యూమినియం, ఇత్తడి కోసుకుంటా, నాకంటే పనిమంతురాలు లేదనుకుంటా ఉన్నప్పుడు మా వీధి శావిగె అక్క వచ్చింది.

ఆయమ్మ ఒత్తు శావిగె చేసి అమ్ముతాది. బియ్యప్పిండి ఉడికించి ఉండలు చేసి, మూడు కాళ్ళ ఇనుప మిషనులో వేసి, పైన పొడుగు పిడి తిప్పితే కింద సేమ్యా మాదిరి సన్నగా శావిగె దిగుతాది. ఆదివారం పొద్దున ఆ వీధిలో సగం ఇండ్లకు అదే టిఫిను. ఆ మిషను ఆయమ్మ అత్తది. మొగుడు పోయినాక ఇల్లు నిలబెట్టింది ఆ మిషనే. అందులో ఇత్తడి గొట్టం ఉంటాది, గొట్టంలో పిండిని కిందికి నెట్టే బీడు దిమ్మ ఉంటాది. ఆ దిమ్మ నిట్టనిలువునా పగిలిపోయింది. మూడు వర్క్‌షాపులు తిరిగిందంట, ఒక్క ముక్క మేము చెయ్యమని అందరూ పంపేసినారంట. వచ్చే సోమవారం పాత ఇనుము కొనే గుజరీవాడు వస్తాడు, తూకానికి ఇచ్చేస్తా అక్కా, ఇంక నా వల్ల కాదు అని మా గడప మీద కూర్చుని కండ్లు తుడుచుకుంది.

నేను చేసిస్తా అనేసినాను. అన్నాక గాని ఏమన్నానో నాకే తెలియలేదు.

పగిలిన దిమ్మను అతికించి, కోతలో పోయేదానికని చుట్టూ పుట్టీ మెత్తి రెండు మిల్లీమీటర్లు లావు చేయించి, దాన్నే నమూనాగా పెట్టి తెలిసినోళ్ళ ఫౌండ్రీలో పోత పోయించినాను. వాళ్ళు వేరే పోతలో మిగిలిన ఇనుముతో దయతలచి ఒక్కటంటే ఒక్కటి పోసి ఇచ్చినారు. ఇంకొకటి కావాలంటే నెల ఆగల్ల అని చెప్పినారు. అంటే నా చేతిలో ఉన్నది ఒక్క ముక్క. అది చెడిపోతే సోమవారం మిషను గుజరీకి పోతాది.

బుధవారం మొదలుపెట్టినాను. దిమ్మను చక్కులో, అంటే లేత్ పట్టులో, బిగించి, వేగం తగ్గించి, టూలు మెల్లగా ఆనించినాను. నాకు ఇన్స్పెక్టరు బుద్ధి కదా. లావుగా ఉన్న ముక్కను మళ్ళీ కోసుకోవచ్చు, సన్నమైపోతే స్క్రాపు. అందుకని మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే లోతు పెట్టినాను. కీచుమంటా ఒకటే అరుపు. ముక్క తెగలేదు, టూలు కొన అరిగిపోయింది. ఇంకొక కొన మార్చి ఇంకా తక్కువ లోతు పెట్టినాను. అదీ పోయింది. మూడోది కూడా పోయింది. ఇంట్లో నల్లటి పొడి. వాషింగ్ మెషిన్ మీద, నా ముక్కులో, ఆరేసిన మా ఇంటాయన తెల్ల పంచె మీద. నగర్తపేటలో టూలు అమ్మినాయనకు ఫోన్ చేసి, నాసిరకం సరుకు అంటగట్టినావని కడిగేసినాను. ఆయన నిమ్మళంగా విని, ముందు మీ ఇనుము చూసుకోండి మేడమ్ అని కన్నడంలో చెప్పి పెట్టేసినాడు.

నేను ఇంకా కోపంగా గొణుక్కుంటా ఉండాను. టూలు బాగలేదు, మోటారుకి బలం లేదు, లేత్ పాతది. మా ఇంటాయన నల్లబడిన పంచె దులుపుకుంటా, "ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదంట" అన్నాడు.

నా చెయ్యి స్విచ్చి మీదనే ఆగిపోయింది.

లేత్ ఆపేసి, దిమ్మను చక్కులోంచి విప్పి, పెరట్లో ఎండలోకి తీసుకుపోయినాను. వెలుతురుకి వంచినాను. అంచు వెంబడి, అద్దం మాదిరి, మెరిసే మచ్చలు. ఆకురాయి తెచ్చి మచ్చ మీద గీస్తే గాజు మీద గీసినట్టు జారిపోయింది. పక్కన గీస్తే పట్టింది. పోత పోసినప్పుడు అచ్చులో తడి ఉన్నా, అంచు సన్నమైనా, అక్కడ ఇనుము గబుక్కున చల్లారి రాయి మాదిరి గట్టిపడిపోతాదని పుస్తకంలో చదివినాను నేను. పరీక్ష కూడా రాసినాను. ఆ రింగుల మీద మచ్చల్ని నా కండ్లతో చూసి కూడా కారణం గడిలో ఒక మనిషి తప్పు రాసినాను. టూలు గట్టి మచ్చ దగ్గర వెనక్కి జరుగుతాది, మెత్తని చోట ముందుకు పోతాది. ముక్క ఒక పక్క లావు, ఒక పక్క సన్నం కాక ఏమైతాది?

వాషింగ్ మెషిన్‌కి ఆనుకుని నేల మీద కూలబడినాను. చానా సిగ్గయింది. ఏడుపూ వచ్చింది. దాంతోపాటే, అబద్ధమెందుకు, లోపల ఒక ఉత్సాహం కూడా పొంగింది, తెలిసింది, తెలిసింది అని. పిల్లలూ, కొలత అనేది టేబుల్ మీద తెలుస్తాది. కారణం మాత్రం మిషను దగ్గర నిలబడి, నల్లపొడి మింగితే తెలుస్తాది. ఒడ్డున కూర్చుని ఈత నేర్పినట్టు ముప్పై ఏండ్లు ఆ గడి నింపినాను నేను.

మరునాడు గురువారం, దిమ్మను గుడ్డసంచిలో వేసుకుని బయలుదేరినాను. ఆయప్ప ఇల్లు ఇప్పటికీ బొమ్మసంద్రలోనే. కె.ఆర్.పురంలో మెట్రో ఎక్కబోతే సంచిని స్కానింగులో చూసి సెక్యూరిటీ అమ్మాయి నన్ను పక్కకు పిలిచింది. నల్లగా గుండ్రంగా ఉన్న ఇనుప ముద్ద, దాన్ని మోస్తా ఉండేది ఒక ముసలమ్మ. ఏమిదంటే, శావిగె ఒత్తేదమ్మా అని చెప్పి, చేతులతో పిడి తిప్పి చూపించినాను. వెనక లైనులో వాళ్ళంతా నవ్వినారు, ఆ పిల్ల కూడా నవ్వి వదిలేసింది. మూడు మెట్రోలు మారి పోయినాను. దారి పొడుగునా ఏమని మొదలుపెట్టల్లనో వరస తయారు చేసుకుంటా, చెరిపేసుకుంటా ఉంటిని.

ఆయప్ప తలుపు తీసినాడు. వెంట్రుకలన్నీ తెల్లబడినాయి, చేతులు మాత్రం అవే.

"రండి మేడమ్" అన్నాడు.

తయారు చేసుకున్న మాట ఒక్కటీ రాలేదు. సంచిలోంచి దిమ్మ తీసి గడప మీద పెట్టి, ఇది తెగడం లేదన్నా అన్నాను, అంతే. శావిగె అక్క సంగతి, సోమవారం గుజరీవాడి సంగతి గబగబా చెప్పినాను. ఆయప్ప దిమ్మను చేతుల్లోకి తీసుకుని, వాకిట్లోకి వచ్చి వెలుతురుకి వంచినాడు. పన్నెండేండ్ల కింద నా టేబుల్ దగ్గర వంచినట్టే. గోరుతో మచ్చ చుట్టూ గీసినాడు.

"ఇప్పుడు కనపడిందా మేడమ్?"

"కనపడిందన్నా" అన్నాను.

ఆయప్ప దిమ్మను గడప మీద పెట్టి, కాఫీ పెట్టమని లోపలికి కేక వేసినాడు. తిట్టి ఉంటే బాగుండునని అనిపించింది. లోపలి నుంచి కాఫీ వచ్చింది, తాగినాను. తరువాత ఆయప్ప పని మాట మాత్రం చెప్పినాడు. ఈ మచ్చల్ని మెత్తబరచల్లంటే దిమ్మను బొగ్గుల్లో కప్పి ఎర్రగా కాల్చి, బూడిద కింద పూడ్చిపెట్టి, దానంతట అది చల్లారేదాకా ముట్టుకోకూడదు. తొందరపడి బయటికి తీస్తే మళ్ళీ గట్టిపడతాది. వాళ్ళింట్లో స్నానానికి నీళ్ళు కాచే హండె పొయ్యి ఇంకా ఉండాది, అందులో కాలుస్తా, ఇక్కడ పెట్టిపోండి అన్నాడు. ఎప్పుడు రమ్మంటారన్నా అని అడిగితే, శనివారం నేనే తెస్తా అన్నాడు. నా అడ్రసు ఒక కాగితం మీద రాసిచ్చి వచ్చేసినాను. వస్తాడో రాడో తెలియదు. ఉన్న ఒక్క ముక్కనూ, నేను అన్యాయం చేసిన మనిషి చేతిలో పెట్టి వచ్చినాను. శుక్రవారమంతా ఇంట్లో కాలు కాలిన పిల్లి మాదిరి తిరిగినాను.

శనివారం పొద్దున పదకొండు గంటలకు గేటు చప్పుడైంది. ఇస్త్రీ చొక్కా, చేతిలో నా గుడ్డసంచి. నాకు ఎగిరి గంతెయ్యల్లనిపించింది. ఆయప్ప యుటిలిటీలోకి వచ్చి, లేత్‌ను తల నుంచి తోక దాకా చూసి, వేళ్ళతో ఒక్కసారి తట్టినాడు.

మీరు కోసి పెట్టండన్నా అని ముక్క చేతికిచ్చినాను. ఆయప్ప తీసుకోలేదు. ప్లాస్టిక్ స్టూలు గోడ వైపు తిప్పుకుని, లేత్‌కి వీపు పెట్టి కూర్చున్నాడు.

"చేతులు నీవి. చెవులు నావి. కొయ్యి."

నువ్వు అన్నాడు. నేను గమనించినాను గానీ ఆ మాట మీద ఆగడానికి అప్పుడు తీరిక లేదు. చెప్పినవన్నీ చేసినాను. బెడ్డు మీద నల్లపొడి పడకుండా పాత గుడ్డ కప్పినాను. ముక్కుకి గుడ్డ కట్టుకున్నాను. బీడుకి నూనె పొయ్యకూడదు, పోస్తే పొడి బురదై మిషనును తినేస్తాది, పొడిగానే కొయ్యల్ల. కోత ముగిసే పక్క మూలను ముందే కొంచెం వాలుగా చెక్కుకో, లేకపోతే చివర చిట్లుతాది అని కూడా చెప్పినాడు. ఊఁ అన్నాను. గుర్తు పెట్టుకోండి, ఊఁ అని మాత్రమే అన్నాను.

లేత్ ఆన్ చేసి టూలు ఆనించినాను. కీచుమంది. గోడ వైపు నుంచి గొంతు వచ్చింది, ఎంత లోతు పెట్టినావని. ఇరవయ్యో వంతు అన్నాను.

"పాల మీద మీగడ తీస్తా ఉండావా? పోతకు పైన గట్టి తోలు ఉంటాది, అందులో ఇసక ఉంటాది. నువ్వు ఆ ఇసక మీద గీకతా ఉండావు. దాని కిందికి దిగల్ల. ఒక మిల్లీ పెట్టు."

ఒక మిల్లీ. ఇంత చిన్న లేత్ మీద, మొదటిసారి బీడు కోస్తా ఉండే మనిషి, ఒక్క దెబ్బకు అంత లోతా? టూలు ఇరుక్కుంటే ముక్క చక్కులోంచి ఎగిరిపోతాది. ముక్క పోతే మిషను పోతాది. చెడిపోతే ఎట్లన్నా, ఇది ఒక్కటే ఉండాది అన్నాను.

ఆయప్ప తల తిప్పలేదు.

"ముప్పై ఏండ్లు ఇంకొకరి స్క్రాపు రాసినావు. నీది ఒక్కటన్నా కానీ. పెట్టు."

పెట్టినాను. కండ్లు మూసుకోవల్లనిపించింది, మూసుకోలేదు. టూలు దిగింది. బెల్టు మూలిగింది, స్టాండు కదిలింది, వాషింగ్ మెషిన్ మీది సబ్బు డబ్బా కింద పడింది. కీచుమని మొదలైన శబ్దం గరగరమంది, గరగరమంది, ఉన్నట్టుండి మారిపోయింది. సరసరమని ఒకే తీరుగా, నూరిన పిండి జల్లించినట్టు. కాఫీ పొడి మాదిరి నల్లపొడి ధారగా రాలతా ఉండాది. ఆ పొడి వెనకాల బూడిదరంగులో, నున్నగా, మెత్తగా, కొత్త ఇనుము బయటికి వస్తా ఉండాది. మచ్చ లేదు. ఒక్క మచ్చ కూడా లేదు.

అరిచేసినాను. ఏమని అరిచినానో తెలియదు, మా ఇంటాయన మాత్రం షాక్ కొట్టిందేమోనని పరిగెత్తుకొచ్చినాడు. నేను నవ్వతా, ఏడస్తా, పిడి తిప్పుతా ఉండాను. మీ ఉద్యోగంలో అట్లాంటి దినం ఒక్కటన్నా రావల్లని కోరుకుంటా ఉండాను. నాకు ఉద్యోగమంతా అయిపోయినాక వచ్చింది.

మధ్యాహ్నం దాకా కోసినాను. ఒక్కొక్క కోతకూ శబ్దం విని, గోడ వైపు నుంచే, వేగం తగ్గించు, టూలు కొన మార్చు అని చెప్పతా ఉండాడు. కొలతకు దగ్గర పడినాక నేను లేత్ ఆపేసినాను. ఎందుకాపినావంటే, ముక్క వేడిగా ఉండాదన్నా, వేడిమీద కొలిస్తే లావు చూపిస్తాది, చల్లారనీ అన్నాను. అది నా విద్య. ఆయప్ప తలూపినాడు. ఇద్దరమూ అన్నం, పప్పు తిన్నాము. తిరిగొచ్చి కొలిచినాను. ఇంకొక్క కోత, ఆఖరిది.

ఆఖరి కోత పట్టుగుడ్డ మీద చెయ్యి పోయినట్టు పోయింది. టూలు చివరికి చేరింది. టక్ మంది.

మూల చెక్కుకోవడం మరిచిపోయినాను. సంబరంలో ఆ ఊఁ ఎక్కడ పోయిందో. దిమ్మ పై అంచున పప్పుబద్దంత ముక్క చిట్లి కింద పడి ఉండాది. అంచు చిట్లిన ముక్కకు నేను నా జన్మలో పచ్చ చుక్క పెట్టలేదు.

"పోయిందన్నా" అన్నాను. "రిజెక్టు."

అప్పుడు మొదటిసారి ఆయప్ప స్టూలు ఇటు తిప్పినాడు. దిమ్మను విప్పించి, గుడ్డతో తుడిచి, శావిగె అక్క ఇచ్చిపోయిన ఇత్తడి గొట్టంలో పెట్టి వదిలినాడు. అది గబుక్కున పడిపోలేదు. ఇరుక్కోనూ లేదు. కింద గాలి పట్టి నిలబడి, ఊపిరి వదిలినట్టు మెల్లమెల్లగా దిగింది.

"చిట్లింది పైన. పిండి ఉండేది కింద" అన్నాడు. "పిండికి నీ డ్రాయింగు తెలుసునా? పాస్."

ఆయప్ప నన్ను పాస్ చేసినాడు. ముప్పై ఏండ్లలో నేను పెట్టిన పచ్చ చుక్కలన్నీ ఒక పక్క, ఈ ఒక్క మాట ఒక పక్క. రేపు పొద్దున మిషను తిప్పేటప్పుడు మీరు ఉండల్ల అని బతిమాలినాను. వస్తా అని చెప్పి మెట్రోకి పోయినాడు. సాయంకాలం కూర్చుని సరుకుల లిస్టు కిందనున్న ఒక కొత్త ఎర్ర చీటీ చింపినాను. రాసినాను. తేదీ గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది, అట్లనే మడిచి పెట్టుకున్నాను.

ఆదివారం ఏడు గంటలకే శావిగె అక్క వాకిట్లో మూడు కాళ్ళ మిషను నిలబడి ఉండాది. దిమ్మను ముందు దినమే తోమి, నూనె పట్టించి, నీళ్ళలో ఉడికించి మరీ ఇచ్చినాను. ఆయమ్మ ఆవిరి వస్తా ఉన్న పిండి ఉండను గొట్టంలో వేసింది. మిషను కదలకుండా నేను ఒక కాలు పట్టుకుని కూర్చున్నాను. ఆయప్ప చొక్కా చేతులు పైకి మడిచి పిడి పట్టినాడు. ఒక చుట్టు తిప్పినాడు. ఏమీ రాలేదు. ఇంకొక చుట్టు. పిండి అంచుల్లోంచి పైకి పొంగుతాదేమోనని మెడ చాచి చూస్తా ఉండాను. పొంగలేదు. మూడో చుట్టుకు కింద తెల్లగా, సన్నగా, తెగకుండా శావిగె దిగింది.

శావిగె అక్క తట్ట పట్టుకుని, మా అత్త ఉన్నప్పుడు కూడా ఇంత సన్నగా రాలేదు అని, అదే మాట నాలుగుసార్లు చెప్పింది. గుజరీవానికి ఫోన్ చేసి రావద్దని చెప్పేసింది.

మొదటి తట్ట నిండినాక ఆయప్ప చెయ్యి తుడుచుకునేటప్పుడు చీటీ తీసి ఇచ్చినాను. నోటితో చెప్పగలిగే పని కాదది. ఆయప్ప చీటీని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదివినాడు. ముక్క: నలభై బీడు రింగులు. తేడా: అప్పుడు రాసిందే. కారణం: పోతలో గట్టి మచ్చలు, టర్నరు తప్పు లేదు, ఇన్స్పెక్టరు చూడలేదు. కింద నా సంతకం.

చానాసేపు చదివినాడు, అంత చిన్న చీటీని.

"తేదీ వెయ్యలేదే అమ్మణ్ణీ" అన్నాడు. "తేదీ లేని చీటీ చెల్లదు కదా."

పన్నెండేండ్ల తరువాత ఆ పిలుపు విన్నాను. మిషను కాలు పట్టుకునే కూర్చుని, ఏ తేదీ వెయ్యల్లన్నా, ఈ పొద్దుదా అని అడిగినాను.

ఆయప్ప మళ్ళీ పిడి మీద చెయ్యి వేసినాడు.

"ఆ దినానిదే వెయ్యి."

క్యాలెండరు చూసే పని లేకపోయింది, ఆ తేదీ నాకు గుర్తుండాది. మోకాలి మీద పెట్టుకుని వేసిచ్చినాను. ఆయప్ప చీటీని నాలుగు మడతలు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, శావిగె అక్క వైపు తిరిగి, పిండి ఆరిపోతా ఉండాదమ్మా, ఇంకొక ఉండ వెయ్యి అన్నాడు.